ప్రేరణ వక్తగా తొలి అడుగు

వ్యక్తిత్వ వికాసం అనగానే మనకు గుర్తొచ్చే పేర్లు బి.వి. పట్టాభిరాం, యండమూరి వీరేంద్రనాథ్. 2025లో కన్నుమూసిన పట్టాభిరాం మొదట ఇంద్రజాలికుడు. యండమూరి మొదట ఛార్టర్డ్ అకౌంటెంట్, నవలా రచయిత. ఇద్దరూ ఒక విద్యలో పేరు తెచ్చుకున్నాకే ఈ రంగానికి వచ్చారు.

మరి ఇంటికి తొలి పట్టభద్రులమైన మా దగ్గర ఏముంది? హాస్టల్లో ఉండి పీజీ దాకా వచ్చిన దారి తెలుసు. మా పెట్టుబడి అదే.

మా సన్నాహం ఇది:

1. విషయం: ఒక్కటే. 'పది తర్వాత ఏం చదవాలి?'

2. శ్రోతలు: పక్క హాస్టల్ పదో తరగతి వారు. వార్డెన్ గారి అనుమతితో, ఆదివారం.

3. సమయం: మాటకు ఇరవై నిమిషాలు, ప్రశ్నలకు ఇరవై.

4. సమాచారం: పాలిటెక్నిక్‌కు పాలిసెట్ రాయాలి. ట్రిపుల్ ఐటీలకు పది మార్కులే ఆధారం. ఐటీఐ, ఇంటర్ వివరాలు, గడువు తేదీలు ఆ ఏటివే చెప్పాలి.

ఒక జాగ్రత్త. 'కష్టపడితే సాధించలేనిది లేదు' అని ఊరికే అనకూడదు. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే ప్రాంతం మనది. వేరుశనగ ఎండిపోయి బెంగళూరుకు వలసపోయిన అమ్మానాన్నలు కష్టపడలేదా? ఆ మాట విన్న పిల్లవాడు వాళ్లనే తప్పుపట్టే ప్రమాదముంది. ధైర్యంతోపాటు దారీ చెప్పాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సభ బాగా జరిగిందా లేదా అన్నది చప్పట్లను బట్టి తేలదు. తర్వాత ఎందరు దరఖాస్తు పెట్టారో లెక్క చూసుకుందాం.