పేరు పెట్టి పిలిచే విద్య: ‘రోఫీ’తో తొలి పాఠం

కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థిని కొంతసేపు ప్రక్కన నిలబడి గమనించినట్లయితే ఒక విషయం స్పష్టమవుతుంది. అతడు వ్రాసే సమయం కొంత, ఆలోచించే సమయం కొంత, వెదికే సమయం కొంత. ఈ మూడింటిలో మొదటి రెండూ విద్యకు చెందినవి. మూడవది వృథా. ఆ వృథాను తగ్గించే ఒక చిన్న సాధనాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఈ పాఠం వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. ఒకనాడు ప్రయోగశాలలో అందరూ పనిలో మునిగి ఉండగా ఒక విద్యార్థిని మాత్రం చేతులు కట్టుకొని కూర్చొని ఉన్నది. ఏమమ్మా అని అడిగితే, “మౌసు పనిచేయడం లేదండీ” అన్నది. తెర వెలుగుతూనే ఉన్నది. కీబోర్డు చక్కగా ఉన్నది. అయినా ఆమె దృష్టిలో ఆ యంత్రం మూతపడిన ద్వారం. ఆమె ఇంట్లో కంప్యూటరు లేదు. వారానికి దక్కే కొద్ది గంటలలో ఒక గంట అట్లా గడిచిపోయింది. ఆ తప్పు ఆమెది కాదు, మౌసుదీ కాదు. కీబోర్డుతోనే కార్యక్రమాలను పిలవవచ్చునని ఆమెకు అంతవరకు నేను చెప్పకపోవడమే తప్పు.

వెదకడం, పిలవడం

1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసును సభాముఖంగా ప్రదర్శించాడు. ఆనాడు ఆయన ఒక చేతితో మౌసును, మరొక చేతితో మీటలను ఉపయోగించి పనిచేశాడు. అనగా మౌసు పుట్టుకలోనే మీటలకు తోడుగా వచ్చినదే కాని వాటికి బదులుగా వచ్చినది కాదు. తరువాతి కాలంలో బొమ్మలతో, జాబితాలతో నిండిన తెరలు వ్యాపించిన కొద్దీ మనం మీటల సంగతి మరచిపోయాము.

మౌసుతో ఒక కార్యక్రమాన్ని తెరవాలంటే జాబితాను తెరచి, వర్గాన్ని ఎంచుకొని, అందులో పేరును కంటితో వెదికి, దానిపై నొక్కాలి. ఇది సంతలో మనిషి కోసం వీధి వీధి తిరగడం వంటిది. పేరు తెలిసినప్పుడు పిలిస్తే సరిపోతుంది. అట్లా పిలవడానికి వీలు కల్పించే కార్యక్రమాన్ని ‘లాంచర్’ అంటారు. అప్పటికే తెరచి ఉన్న కిటికీలలో ఒకదాని నుండి మరొకదానికి వెళ్లడానికి సహాయపడేది ‘స్విచర్’. ఈ రెండు పనులనూ ఒకే చిన్న పెట్టెలో చేసే సాధనాలలో ‘రోఫీ’ ఒకటి. దీనిని ఆంగ్లంలో ఆర్, ఓ, ఎఫ్, ఐ అనే నాలుగు అక్షరాలతో వ్రాస్తారు.

రోఫీ లినక్స్ వంటి వ్యవస్థలలో పనిచేస్తుంది. షాన్ ప్రింగిల్ రూపొందించిన ‘సింపుల్ స్విచర్’ అనే చిన్న కార్యక్రమం దీనికి మూలం. డేవ్ డావెన్‌పోర్ట్ దానిని విస్తరించి ఈ రూపానికి తెచ్చాడు. ఇది ఉచితం. దీని మూలరచన కూడా అందరికీ అందుబాటులో ఉన్నది. పాత యంత్రాల మీద సైతం తేలికగా నడుస్తుంది. కాబట్టి కొత్త పరికరాలు కొనడానికి నిధులు లేని ప్రయోగశాలకు ఇది తగిన సాధనం.

మొదటి అడుగు: స్థాపన

రోఫీ మొదట ‘ఎక్స్’ అనే కిటికీల వ్యవస్థ కోసం తయారైనది. అందువలన ఎక్స్ మీద నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాపును ఈ పాఠానికి ఉదాహరణగా తీసుకొంటున్నాను. డెబియన్, ఉబుంటు కుటుంబానికి చెందిన లినక్స్‌లలో టెర్మినల్ తెరచి, ఆంగ్లంలో చిన్న అక్షరాలతో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ రోఫీ’ అనే నాలుగు పదాలను, మధ్య మధ్య ఖాళీలు విడుస్తూ వ్రాసి ఎంటర్ నొక్కాలి. సంకేతపదం అడుగుతుంది. ప్రయోగశాలలో ఆ అధికారం పర్యవేక్షకునికే ఉంటుంది గనుక ఈ ఒక్క పని ఆయన చేత చేయించుకోవాలి.

రెండవ అడుగు: తొలి పిలుపు

టెర్మినల్‌లో ‘రోఫీ’ అని వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీతను, దానికి ఆనుకొని ‘షో’ అనే పదాన్ని, మరల ఖాళీ విడిచి ‘డి-రన్’ను వ్రాయాలి. ఈ చివరి మాటలో గీత ఉండదు. డి, ఆర్, యు, ఎన్ అనే నాలుగు అక్షరాలూ కలిసే ఉంటాయి. ఎంటర్ నొక్కగానే తెర నడుమ ఒక పెట్టె తెరుచుకొని, యంత్రంలో ఉన్న కార్యక్రమాల పేర్లు చూపుతుంది. ఇక్కడ మౌసు అవసరం లేదు. పేరులోని రెండు మూడు అక్షరాలు కొడితే జాబితా కుదించుకొనిపోతుంది. కావలసినది మొదటి వరుసకు రాగానే ఎంటర్ నొక్కాలి. వద్దనుకుంటే ఎస్కేప్.

పూర్తి పేరు కంఠస్థం కానక్కరలేదు. పదాల ముక్కలను ఖాళీతో విడదీసి ఏ క్రమంలో ఇచ్చినా రోఫీ గ్రహిస్తుంది. ‘లిబ్రె ఆఫీస్ రైటర్’ కోసం ఆంగ్లంలో ‘లిబ్ రై’కి తగిన అక్షరాలు కొట్టినా, ‘రై లిబ్’కు తగినవి కొట్టినా ఫలితం ఒక్కటే. ఫైర్‌ఫాక్స్ పేరు గుర్తుకు రానివారు ‘బ్రౌజర్’ అని కొట్టినా అది సాధారణంగా కనిపిస్తుంది. ఎందుకంటే డి-రన్ పద్ధతిలో కార్యక్రమం యొక్క పేరుతోపాటు దాని సామాన్యనామాన్ని, వర్గాన్ని కూడా రోఫీ పరిశీలిస్తుంది. తరచుగా పిలిచే కార్యక్రమాలు క్రమంగా జాబితా పైభాగానికి చేరుతాయి.

మూడవ అడుగు: తెరచిన దానిని చేరుకోవడం

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉన్నది. వ్యాసం అప్పటికే తెరచి ఉంటుంది. కాని అది ఇతర కిటికీల చాటున దాగి ఉంటుంది. కనబడలేదు గనుక మరల మొదటి నుండి తెరవబోతారు. ఇది బల్లమీద పుస్తకం ఉండగానే గ్రంథాలయానికి పరుగెత్తడం వంటిది.

ఇందుకు పై ఆజ్ఞలో ‘డి-రన్’కు బదులుగా ‘విండో’ అనే పదాన్ని వ్రాయాలి. అప్పుడు తెరచి ఉన్న కిటికీల జాబితా వస్తుంది. పేరులోని కొన్ని అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ కిటికీ ముందుకు వస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ జాబితాలో షిఫ్టుతో డిలీట్ మీటను నొక్కితే ఎంపికైన కిటికీ మూతపడుతుంది. కొత్తవారు ఆ మీటలకు దూరంగా ఉండడం మంచిది.

నాలుగవ అడుగు: మీటను కేటాయించడం

ప్రతిసారీ టెర్మినల్‌లో ఆజ్ఞ వ్రాయవలసి వస్తే శ్రమ తగ్గినట్లు కాదు. ఎక్స్‌ఎఫ్‌సీఈలోని సెట్టింగులలో కీబోర్డు విభాగానికి వెళ్లి, ‘అప్లికేషన్ షార్ట్‌కట్స్’ అనే పుటలో ‘యాడ్’ నొక్కి, పై ఆజ్ఞను వ్రాసి, కోరిన మీటలను నొక్కి చూపాలి. కార్యక్రమాలకు ఒక జత, కిటికీలకు మరొక జత కేటాయించుకోవాలి. ఆ జత ఇంతకు ముందే వేరే పనికి నియోగింపబడి ఉంటే హెచ్చరిక వస్తుంది.

మన వంటి ద్విభాషా కళాశాలలో ఇక్కడ ప్రత్యేక జాగ్రత్త అవసరం. తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మార్చుకొంటూ టైపు చేసేవారిలో చాలామంది ‘ఐబస్’ అనే సాధనాన్ని వాడుతారు. అందులో భాషను మార్చడానికి సాధారణంగా సూపర్ మీటతో స్పేస్ మీటను నొక్కుతారు. అదే జతను రోఫీకి ఇస్తే రెండింటికీ తగవు వస్తుంది. కాబట్టి సూపర్‌తో జెడ్ వంటి వేరొక జతను ఎన్నుకోవడం ఉచితం.

మరొక చిక్కు. కీబోర్డు తెలుగులోనో ఉర్దూలోనో ఉండగా రోఫీని పిలిచి ఆంగ్లనామం కొట్టబోతే ఏ కార్యక్రమమూ దొరకకపోవచ్చును. రోఫీ చెడిపోయిందని కొందరు భావిస్తారు. చెడినది ఏమీ లేదు. మనం ఒక భాషలో పిలుస్తున్నాము, పేరు మరొక భాషలో ఉన్నది. భాషను మార్చి మరల కొట్టాలి.

అసలు పాఠం: పేరు

ఈ సాధనాన్ని వాడిన కొద్దీ ఒక సత్యం బోధపడుతుంది. పిలవాలంటే పేరుండాలి. కిటికీల జాబితాలో ‘పేరులేనిది ఒకటి’, ‘పేరులేనిది రెండు’, ‘పేరులేనిది మూడు’ అని ఉంటే రోఫీ ఏమి చేయగలదు? లిబ్రె ఆఫీస్‌లో కొత్త పత్రాన్ని భద్రపరచే వరకు దానికి లభించేది అట్టి పేరే. పత్రం ప్రారంభించిన వెంటనే అర్థవంతమైన పేరుతో భద్రపరిస్తే రెండు లాభాలు. మొదటిది, కరెంటు పోయినా శ్రమ అంతా నశించదు. రెండవది, ఆ పేరే కిటికీ శీర్షికలో కనబడి, పిలువగానే పలుకుతుంది. తెలుగులోనో ఉర్దూలోనో పేరు పెట్టేవారు చివర ఒక చిన్న ఆంగ్లపదాన్ని గాని అంకెను గాని చేర్చితే వెదకడం మరింత సులభం.

పరిమితులు

ఏ సాధనాన్నీ మితిమీరి పొగడరాదు. రోఫీ వ్యాసం వ్రాయదు, లెక్క చేయదు. ఇరవై కిటికీలు తెరచి ఒకదాని నుండి మరొకదానికి వేగంగా గెంతడం చదువు అనిపించుకోదు. రంగులు, ఆకృతులు మార్చే సౌకర్యం దీనిలో విస్తారంగా ఉన్నది. కాని తొలి వారమంతా అలంకరణలోనే గడిపితే వృథాను తగ్గించే సాధనమే వృథాకు కారణమవుతుంది. విండోస్ వాడేవారికి రోఫీ లేకపోయినా సూత్రం అదే. విండోస్ మీటను ఒకసారి నొక్కి పేరు కొట్టితే కార్యక్రమం వస్తుంది. ఆల్ట్ మీటను పట్టి ట్యాబ్ నొక్కితే కిటికీ మారుతుంది.

అభ్యాసం

1. మౌసును ప్రక్కన పెట్టి, కేవలం కీబోర్డుతో లిబ్రె ఆఫీస్ రైటర్‌ను, ఫైర్‌ఫాక్స్‌ను తెరవండి.
2. రైటర్‌లో ఒక పత్రానికి తగిన పేరు పెట్టి భద్రపరచండి. ఫైర్‌ఫాక్స్‌కు వెళ్లి, కిటికీల జాబితా ద్వారా ఆ పత్రం పేరు పిలిచి తిరిగి రండి.
3. కీబోర్డును తెలుగులోనో ఉర్దూలోనో ఉంచి ఒక కార్యక్రమాన్ని పిలవండి. ఏమి జరిగినదో, ఎందుకు జరిగినదో రెండు వాక్యాలలో వ్రాయండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ పాఠానికి పైసా ఖర్చు లేదు. ప్రయోగశాలలో ప్రతి యంత్రం మీద ఈ సాధనాన్ని ఉంచి, సంవత్సరారంభంలో ఒక్క పీరియడును దీనికి కేటాయిస్తే చాలును. ఇంట్లో కంప్యూటరు ఉన్న విద్యార్థికి ఐదు నిమిషాలు పోయినా రాత్రికి దిద్దుకోగలడు. లేని విద్యార్థికి ఇక్కడి గంటే సర్వస్వం. ఆ విద్యార్థిని పోగొట్టుకొన్న గంటను నేను తిరిగి ఇవ్వలేను. మౌసు చెడిన మరునాడు మరొకరు చేతులు కట్టుకొని కూర్చోకుండా చూడడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.