ఒక నూలు ఖాళీ

కోట, వాకాడు పక్క ఊళ్ళలో ఒకప్పుడు పెళ్ళికైనా పురుడుకైనా గూడూరు పోవాలంటే అంబాసిడరే దిక్కు. ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో ఆ బండ్ల తయారీ ఆపేసింది. 2022లో మా కోట కూడా నెల్లూరు జిల్లా విడిచి తిరుపతి జిల్లాలో చేరింది. బండ్లు మాత్రం మరమ్మతుకి నా చింతచెట్టు కిందికి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు తెచ్చేవాళ్ళు ముచ్చటపడి కొన్న కుర్రాళ్ళు. పది మందిలో ఏడుగురిది ఒకటే మాట: "మామా, బ్రేకు లోపలికి పోతోంది, పుష్‌రాడ్ కాస్త టైటు చెయ్యి." పెడల్‌కీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య ఉండే ఆ బెత్తెడు కడ్డీ గురించి నాకు తెలిసింది రాస్తున్నా.

1. పెడల్ కిందికి పోతోందని పానా పట్టుకుని నేరుగా కడ్డీ మీదికి పోవద్దు. లైనింగ్ అరిగితే షూకీ డ్రమ్ముకీ ఎడం పెరుగుతుంది, ఆ ఎడం నిండేదాకా పెడల్ కిందికి పోతుంది. తప్పు చక్రం దగ్గరుంటే కడ్డీని సాగదీసి ఏం లాభం? జాకీ ఎత్తి, చక్రం తిప్పుతూ అడ్జస్టర్ బిగించాలి. చక్రం పట్టేశాక, మళ్ళీ వదులుగా తిరిగేదాకా అడ్జస్టర్ని వెనక్కి తిప్పాలి. నాలుగు చక్రాలూ అయ్యాక పెడల్ తొక్కి చూడండి. చాలా బండ్లకి అక్కడితో పని అయిపోతుంది. అప్పటికీ మెత్తగా, స్పాంజిలా ఉంటే లోపల గాలి ఉన్నట్టు. చక్రం దగ్గరి నిపిల్ విప్పి ఎయిర్ తీయాల్సిందే.

2. ఇది నా తప్పు, దాచుకోను. మే నెల, పెళ్ళి బండి. "కాలు తాకితే చాలు, బ్రేకు పడిపోవాలి" అన్నాడు ఆసామి. నేనప్పుడు కుర్రవాణ్ణి, మెప్పు కోసం పెడల్లో వెంట్రుకవాసి ఖాళీ (ప్లే) కూడా లేకుండా కడ్డీ పొడవు పెంచేశా. ఊళ్ళో తిప్పి చూస్తే బ్రహ్మాండం. నన్నూ ఎక్కించుకున్నారు. విద్యానగర్ దాటేసరికి బండి బరువెక్కింది. టాప్ గేరు లాగడం లేదు, మూడోదీ లాగడం లేదు. లైనింగ్ మాడిన కంపు లోపలికి కొట్టింది. ఆపితే ఇక కదల్లేదు, నాలుగు చక్రాలూ పట్టేశాయి. ఒక పిల్లోడు బిందెడు నీళ్ళు తెచ్చి డ్రమ్ము మీద పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపా. అంత వేడి మీద చన్నీళ్ళు పడితే పోత ఇనుము పగులుతుంది. నిపిల్ పావుచుట్టు విప్పా, ఆయిల్ జివ్వున చిమ్మింది, చక్రం వదిలింది.

ఎందుకలా అయిందో తర్వాత సిలిండర్ విప్పుకుని చూస్తే గానీ తలకెక్కలేదు. ఆయిల్ డబ్బా నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి సూదిమొన పట్టేంత రంధ్రం ఒకటుంది. కాలు తీశాక పిస్టన్ ముందున్న కప్పు రబ్బరు ఆ రంధ్రం దాటి వెనక్కి రావాలి. బ్రేకు వాడేకొద్దీ ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది, ఉబ్బింది డబ్బాలోకి పోయే దారి అదొక్కటే. నేను కడ్డీ పొడవు పెంచి పిస్టన్ని పూర్తిగా వెనక్కి రానివ్వలేదు, రబ్బరు ఆ రంధ్రం మీదే ఆగిపోయింది. పోయే దారి లేని ఆయిల్ షూలని నెట్టింది, షూ రాసుకుని ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా ఒత్తిడి. ఎవరూ తొక్కకుండానే బ్రేకు పడిపోయింది. మంగళసూత్రం వేళకి బండి చేరింది గానీ, నాకు ఆ పూట భోజనం సయించలేదు.

3. ఎంత ఖాళీ ఉండాలి? పాతకాలపు మాస్టర్ సిలిండర్లకి కడ్డీ కొసకీ పిస్టన్‌కీ మధ్య అంగుళంలో 32వ వంతు, అంటే ముప్పావు మిల్లీమీటరు పైచిలుకు. పెడల్ తులాదండం లాంటిది. ఆ కాస్తా కాలి దగ్గరికొచ్చేసరికి నాలుగైదింతలవుతుంది. వడ్రంగుల లెక్కలో చెప్పాలంటే ఒక నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు. నూలు నుంచి రెండు నూళ్ళ దాకా నేను ఒప్పుకుంటా. మీ బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే దానిదే పైమాట.

కొలిచేటప్పుడు కాలు పనికిరాదు, కాలికి నూలు తేడా తెలీదు. కింద కూర్చుని చూపుడువేలితో పెడల్ని నెట్టండి. మొదట స్ప్రింగు ఒక్కటే అడ్డుపడుతుంది, మెత్తగా వస్తుంది. తర్వాత వేలికి ఏదో గట్టిగా తగుల్తుంది. ఆ రెండింటి మధ్య దూరమే ప్లే. చెక్‌నట్టు వదులు చేసి కడ్డీ పొడవు పెంచితే ప్లే తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. చెక్‌నట్టు బిగించాక మళ్ళీ కొలవాలి. బిగించేటప్పుడు కడ్డీ కూడా తిరిగిపోతుంది, నాకు లెక్కలేనన్ని సార్లు తిరిగింది.

4. డబ్బా మూత తీసి, ఇంకొకర్ని పెడల్ మెల్లగా కొద్దిగా నొక్కమనండి. రంధ్రం తెరిచి ఉంటే ఆయిల్లో చిన్న ఊట లేస్తుంది. లేవకపోతే రంధ్రం మూసుకుని ఉంది, బండి బయటికి తీయొద్దు. మొహం డబ్బా మీద పెట్టి చూడకండి. బ్రేకు ఆయిల్ కంట్లో పడితే మంట, పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది.

5. దొంగ ప్లే అని ఒకటుంది. పెడల్‌కీ కడ్డీకీ మధ్య పిన్ను అరిగి, రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతే పెడల్ లొటలొటలాడుతుంది. అది చూసి పిస్టన్ దగ్గర ఖాళీ ఉందనుకుంటాం. పిన్ను మార్చాకే కొలత.

6. బ్రేకు పట్టేసిన బండి వస్తే, కారణం ఏ మూలుందో నిపిలే చెబుతుంది. విప్పగానే చక్రం వదిలితే లోపల ఒత్తిడి నిలిచిపోయింది. కడ్డీ చూడండి, మాస్టర్ సిలిండర్ చూడండి, లోపల ఉబ్బి మూసుకున్న రబ్బరు పైపు చూడండి. విప్పినా వదలకపోతే షూ స్ప్రింగో, తుప్పు పట్టిన హ్యాండ్‌బ్రేక్ కేబులో. రోడ్డు మీద ఒత్తిడి దించితే ఇంటిదాకా వస్తారు, అంతే. ఎయిర్ తీసి, కడ్డీ సరిచేయకుండా మళ్ళీ ఎక్కొద్దు.

7. బూస్టర్ ఉన్న బండికి లోపల ఇంకో కడ్డీ ఉంటుంది, దానిదీ ఇదే గొడవ. కంటికి కనపడదు గనక చపాతీ పిండి చిటికెడు ముద్ద దాని కొసన అంటించి, సిలిండర్ బిగించి, మళ్ళీ విప్పి, నలిగిన పిండి మందం కొలుస్తా. పిండి మిగలకుండా తుడవడం మర్చిపోవద్దు. ఇంట్లో అడిగితే పిండి ఎందుకో చెప్పకపోవడం మంచిది.

8. మాది సముద్రం గాలి. కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలకి తిరిగే బండికి ఏడాదిలో కడ్డీ మరలు తుప్పుతో అతుక్కుపోతాయి. రబ్బరు బూటు చిరిగితే వెంటనే మార్చండి. ఆయిలూ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టింది 140కే మరగొచ్చు. రెండేళ్ళకోసారి మార్చండి. ఇంజనాయిల్ చుక్క కూడా అందులో కలవకూడదు, రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి.

9. ఎన్ని చుట్లు తిప్పారో గ్లవ్‌బాక్స్ మూత లోపలివైపు పెన్సిల్‌తో రాసిపెట్టండి. మొన్న మా మేనల్లుడి బండిలో ఆ మూత తీస్తే నా పాత రాతే: "వెనక్కి ఒకటిన్నర చుట్టు." దాని కిందే ఇంకెవరిదో చేతిరాత: "ముందుకి రెండు." విప్పుతున్నా.