క్రొత్తగా కొన్న పాత కారు: నూనెయు, టైర్లును

విద్యార్థులారా! 2019వ సంవత్సరమున పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి గ్రామమున కియా కార్ల కర్మాగారము పని నారంభించినది మొదలు మన సీమలో కార్లను గూర్చిన ముచ్చట పెరిగినది. క్రొత్తది కొనలేనివారు బెంగుళూరునుండి పాత కారును, ఉత్సాహవంతులైన యువకులు పాత స్పోర్ట్సు కారును కొనితెచ్చుట కలదు. అట్టి బండి కొన్నప్పుడు మొదట చూడవలసినవి రంగును, వేగమును గావు, నూనెయు, టైర్లును.

స్పోర్ట్సు కారు తరచుగా కొట్టములో నిలిచియుండును. దూరమును కొలుచు యంత్రము నడచిన కిలోమీటర్లను చెప్పునే గాని గడచిన యేండ్లను చెప్పదు. నిలిచియున్నను నూనె చెడును, రబ్బరు ముదురును.

మొదట నూనె సంగతి. ఇంజనులో లోహము లోహముతో రాచుకొనకుండ నడుమ పలుచని పొరగా నిలుచుట, వేడిని కొనిపోవుట, మసిని పట్టియుంచుట, తుప్పును వారించుట నూనె పనులు. వేడిచేతను, గాలిచేతను అది క్రమముగా శక్తి కోల్పోవును. పూర్వపు యజమాని యెప్పుడు మార్చెనో రుజువు లేనిచో, కొన్న వెంటనే నూనెను, దాని ఫిల్టరును మార్పించి, తేదీని, కిలోమీటర్లను పుస్తకములో వ్రాసికొనవలెను. డబ్బాపై 5డబ్ల్యు-30 వంటి గుర్తుండును. మొదటి యంకె చలిలో నూనె ప్రవహించు తీరును, రెండవది ఇంజను వేడిలో దాని చిక్కదనమును తెలుపును. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన రకమునే పోయవలెను.

బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములైన పిమ్మట కొలపుల్లను తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. నూనె రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువైన ఇంజను అరుగును. మిక్కిలి యెక్కువైన నూనె నురుగెత్తును. నలుపురంగు చూచి భయపడనక్కరలేదు. పాలవలె తెల్లనైనచో నీరు కలిసినదని అనుమానించి మెకానికునకు చూపవలెను. నూనె ఒత్తిడిని తెలుపు ఎఱ్ఱదీపము త్రోవలో వెలిగినచో తత్‌క్షణమే బండి నాపవలెను. మన ప్రాంతపు ధూళి ఇంజనుకు శత్రువు గనుక గాలి ఫిల్టరును గూడ తరచుగా పరీక్షింపవలెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ నేలపై బోరునీరే ప్రాణము. కావున వాడిన నూనెను నేలపై పాఱబోయరాదు.

ఇక టైర్లు. టైరు ప్రక్కను చివర నాలుగంకెలుండును. 2316 అనిన 2016వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. గాళ్లు లోతుగా నున్నను ప్రక్కలు బీటలువారిన టైరు నమ్మదగినది కాదు. ఐదేండ్లు దాటినవానిని ఏటేట పరీక్షింపవలెననియు, పదేండ్లు నిండినవానిని తప్పక మార్చవలెననియు పెక్కుమంది తయారీదారులు చెప్పుదురు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. వేగమును తెలుపు అక్షరమును గూడ చూడుడు: హెచ్ అనిన గంటకు 210, వి అనిన 240 కిలోమీటర్లు. చవుకయని తక్కువ తరగతి టైరు వేయరాదు. ముందు వెనుకల కొలతలు వేరైనచో వానిని తారుమారు చేయరాదు.

గాలిని ఉదయమున, టైరు చల్లగా నున్నప్పుడు కొలువవలెను. తగిన కొలత డ్రైవరు తలుపు చెంతనున్న చీటీపై సాధారణముగా ఉండును. 30 డిగ్రీల వేడిలో చదరపు అంగుళమునకు 32 పౌన్లున్న గాలి, 60 డిగ్రీలకు చేరిన సుమారు 36½ పౌన్లగును. ఇది సహజము. కావున ఎండలో నడచివచ్చిన టైరునుండి గాలి తీయరాదు. తీసినచో చల్లారిన పిమ్మట కొఱతపడును. గాలి తక్కువైన టైరు ప్రక్కలు మాటిమాటికి వంగి లోపల వేడెక్కును. పొరలు విడిపోయి, 44వ జాతీయ రహదారిపై పరుగులో పగులవచ్చును. అప్పుడు ప్రమాదము నడుపువానికే గాక లోపలి బిడ్డలకును, ఎదురుగా వచ్చువారికిని గూడ కలుగును.

ఇంటిలో కారున్నవారు నేటి సాయంకాలమే నాలుగు టైర్ల అంకెలను చదివి, వాని వయస్సును లెక్కించి పెద్దలకు చెప్పుడు. అదనపు టైరును మరువకుడు. అందరికంటె ముసలిది తరచుగా అదియే.