పరాయి ఇంట ఒక సంవత్సరం

పాఠ్యభాగ నేపథ్యం: రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత కొన్ని క్రైస్తవ సంఘాలు యువతీయువకులను సేవా కార్యక్రమాల నిమిత్తం పరదేశాలకు పంపి, అక్కడ వారిని సామాన్య గృహస్థుల ఇళ్లలో ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టాయి. ఆ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలను, దానిలోని సాధకబాధకాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠ్యభాగం

అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు ఇంటికి వచ్చిన యాత్రికులను ఆదరించి, భోజనం పెట్టి, వారు చూసి వచ్చిన దేశాల విశేషాలను అడిగి తెలుసుకొని ఆనందించే గృహస్థు. ఒకనాడు అతిథిగా వచ్చిన సిద్ధుడు అతనికి పాదలేపనం ఇచ్చాడు. దాని మహిమతో హిమాలయం చేరిన ప్రవరుడు, మంచునీటికి ఆ లేపనం కరిగిపోగా, ఇల్లు చేరే ఉపాయం తోచక తల్లడిల్లాడు. పాఠకులు ఈ కథను వరూధిని కోసం గుర్తుంచుకుంటారు. కాని ఇందులో ఆతిథ్యానికి సంబంధించిన సూక్ష్మం కూడా ఉంది. అరుణాస్పదపురంలో పెట్టే చేయి అయిన ప్రవరుడు, కొండమీద ఒక స్త్రీని దారి అడిగి అర్థించవలసినవాడు అయ్యాడు. ఊరు మారగానే దాత యాచకుడు కావడం వింత కాదు. పరదేశానికి సేవ చేయడానికి బయలుదేరిన ప్రతి యువకునికీ ఈ అనుభవం కలుగుతుంది. తాను సహాయం చేయడానికి వచ్చానని అతడు అనుకుంటాడు. మొదటి రాత్రి దుప్పటి ఎక్కడ ఉన్నదో, స్నానానికి నీళ్లు ఎప్పుడు వస్తాయో అడిగి తెలుసుకోవలసినవాడు కూడా అతడే.

ఈ పద్ధతికి మూలాలు యుద్ధాన్ని నిరాకరించిన చిన్న చిన్న క్రైస్తవ సంఘాలలో ఉన్నాయి. 1708లో జర్మనీలోని ష్వార్జెనౌ గ్రామం వద్ద ఎడర్ నదిలో ఎనిమిది మంది బాప్తిస్మం పొందడంతో బ్రదరన్ సంఘం ఆరంభమైంది. 1719 నుంచి ఆ సంఘీయులు అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలసపోయి వ్యవసాయదారులుగా స్థిరపడ్డారు. ఆయుధం పట్టరాదనేది వారి నియమం. అయితే యుద్ధం చేయనివాడు ఊరక కూర్చోవచ్చునా అనే ప్రశ్న ఇరవయ్యవ శతాబ్దంలో వారిని బాధించింది. ఆ సంఘానికి చెందిన డాన్ వెస్ట్ అనే రైతు స్పెయిన్ అంతర్యుద్ధకాలంలో అక్కడి శరణార్థులకు పాలు పంచే పనికి వెళ్లాడు. పాలు అందరికీ చాలేవి కావు. రోజూ గిన్నెడు పాలు పోయడం కంటె ఒక ఆవునే ఇస్తే కుటుంబం తన కాళ్ల మీద తాను నిలబడుతుందని ఆయన ఆలోచించాడు. ఆ ఆలోచన ఫలితంగా 1944లో మొదటి పెయ్యలు ఓడలో ప్యూర్టోరికో ద్వీపానికి చేరాయి. ఆవును పొందిన కుటుంబం దానికి పుట్టిన మొదటి పెయ్యదూడను మరొక పేద కుటుంబానికి ఇవ్వాలనేది షరతు. పుచ్చుకున్నవాడు మళ్లీ ఇచ్చేవాడు కావాలన్న ఈ నియమం చాలా తెలివైనది. దానం పట్టిన చేతికి కలిగే చిన్నతనాన్ని అది తొలగించింది.

1945 నుంచి 1947 వరకు ఐరోపాకు పశువులను తీసుకొనిపోయే ఓడలలో వాటిని మేపడానికి సుమారు ఏడు వేల మంది పనిచేశారు. రైతుబిడ్డలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, మతబోధకులు వారిలో ఉన్నారు. కూలిన నగరాలను కళ్లారా చూసి తిరిగివచ్చిన ఆ యువకుల ప్రభావం సంఘంపై పడింది. 1948లో బ్రదరన్ స్వచ్ఛంద సేవావిభాగం ఏర్పడింది. మరుసటి సంవత్సరం మరింత సాహసవంతమైన పని జరిగింది. జర్మనీ నుంచి బడి వయసు పిల్లలను పిలిపించి, ఏడాదిపాటు అమెరికన్ రైతు కుటుంబాలలో ఉంచారు. తుపాకులు మౌనం వహించి అప్పటికి నాలుగేళ్లు మాత్రమే అయింది. ఆ ఊళ్లలో కొడుకులను యుద్ధభూమికి పంపిన ఇళ్లు ఉన్నాయి. శత్రుదేశపు బిడ్డ పక్కింటికి వచ్చి, అదే బడిలో కూర్చుని, ఆదివారం అదే ప్రార్థనామందిరంలో పక్క బల్లపై ఆసీనుడైతే, ద్వేషానికి ఒక ముఖం ఏర్పడుతుంది. ముఖం ఏర్పడిన ద్వేషం నిలవడం కష్టం. ప్రభుత్వాలు సంధిపత్రాల మీద సంతకాలు చేస్తుండగా, ఈ రైతులు భోజనబల్ల దగ్గర మరొక కుర్చీ వేశారు. ఈ కార్యక్రమమే తరువాత అంతర్జాతీయ క్రైస్తవ యువజన వినిమయ సంస్థగా పెరిగి, అనేక దేశాలకు విస్తరించింది. అనంతరకాలంలో చదువుకు బదులు స్వచ్ఛంద సేవ దానికి ప్రధానాంశమైంది.

ఇదే తీరున మెనోనైట్ సంఘాలు కూడా నడిచాయి. దక్షిణ రష్యా ప్రాంతంలో కరవు పీడితులను ఆదుకోవడానికి 1920లో ఏర్పడిన మెనోనైట్ కేంద్రసంఘం, 1950లో విదేశీ యువతీయువకులను అమెరికా, కెనడా దేశాల కుటుంబాలలో ఒక ఏడాది ఉంచి పని నేర్పే పథకాన్ని ఆరంభించింది. భారతదేశం నుంచి కూడా యువతీయువకులు ఈ పథకం కింద వెళ్లివచ్చారు. మహబూబ్‌నగర్ ప్రాంతంలో మెనోనైట్ బ్రదరన్ సంఘం వేళ్లూనుకొన్న మత పరంపర కనుక, అక్కడివారికి ఈ పేర్లు కొత్తవి కావు.

పాలమూరు పల్లె నుంచి ఒక యువకుడు కాన్సాస్ రాష్ట్రంలోని గోధుమరైతు ఇంటికి వెళ్లాడనుకుందాం. ఆ రాష్ట్రంలోని మెనోనైట్లలో చాలామంది పూర్వీకులు 1874 నుంచి రష్యా వదలి వచ్చినవారు. వారి వంటకాలలో ఒకదాని మీద ఒకటి కూర్చిన జంట రొట్టె ఒకటి ఉంది; దానిని జ్వీబాక్ అంటారు. సాయంత్రం ఆరు కాకముందే భోజనం సిద్ధం. మన యువకునికి ఆకలిగా ఉన్నది. గృహిణి బంగాళాదుంపల పాత్ర అందించి, ఇంకా కావాలా అని అడిగింది. అతడు వద్దన్నాడు. ఆమె పాత్ర తీసి పక్కన పెట్టింది. కథ అంతే. ఆ రాత్రి అతడు సగం కడుపుతో పడుకొన్నాడు.

ఇక్కడ తప్పు ఎవరిది? తెలుగు ఇంట మొదటి "వద్దు" నిజమైన వద్దు కాదు. అది మర్యాద. వడ్డించేవారు మళ్లీ అడగాలి, బలవంతం చేయాలి, "ఏమిటా మొహమాటం!" అని కసరుకోవాలి, అప్పుడు అతిథి అరచేయి అడ్డంపెట్టి "కొంచెమే" అనాలి. ఈ సంభాషణ అంతా ఒక నాటకం. ఇరుపక్షాలకూ పాత్రలు కంఠస్థమే. మొహమాటం అనే మాటకు సరియైన సమానార్థకం అనేక భాషలలో దొరకదు. కాన్సాస్ గృహిణి ఎదుటివాని మాటను గౌరవించింది. వద్దన్నవానిని బలవంతపెట్టడం ఆమె దృష్టిలో అమర్యాద. ఇద్దరూ మర్యాద పాటించారు, ఒకరు పస్తు ఉన్నారు.

సంబోధనలోనూ ఇటువంటి ఇబ్బంది ఉంది. తండ్రి వయసు గల గృహస్థు తనను పేరుపెట్టి పిలవమంటాడు. పెద్దవారిని పేరుతో పిలవడం నాలుక ఒప్పుకోదు. చివర "గారు" తగిలించడానికి ఆ భాషలో చోటు లేదు. మామయ్య, బాబాయి, పెద్దమ్మ అనే వరసల పందిరి కింద పెరిగినవాడు ఒక్కసారిగా పేర్ల ఎండలో నిలబడినట్లవుతాడు. కొందరు ఈ బాధ తప్పించుకోవడానికి నెలల తరబడి ఏ సంబోధనా లేకుండా మాట్లాడే కౌశలం సంపాదిస్తారు. దీనికి తోడు ప్రతి చిన్న పనికీ కృతజ్ఞత చెప్పాలి. మన ఇళ్లలో తల్లికి మంచినీళ్లు ఇచ్చినందుకు ధన్యవాదాలు చెప్పిన కొడుకును చూసి తల్లి నొచ్చుకుంటుంది. అక్కడ చెప్పనివాడిని చూసి నొచ్చుకుంటారు. భోజనానంతరం గృహస్థు చొక్కా చేతులు మడిచి గిన్నెలు తోముతుంటే, కుర్చీలో కూర్చున్న యువకుడు లేవాలా వద్దా అని తర్కించుకుంటాడు. లేవాలి. ఆ ఇంట అతడు అతిథి కాడు.

ఈ విషయం కొంత వివరించదగినది. అతిథి అనే పదానికి తిథి నియమం లేకుండా వచ్చేవాడని మన పూర్వులు వ్యుత్పత్తి చెప్పారు. అటువంటివాడు వస్తాడు, ఆదరణ పొందుతాడు, వెళ్లిపోతాడు. ఏడాదిపాటు ఉండేవానికి ఈ పదం సరిపడదు. వానికి ఫలానా తారీఖున వచ్చి ఫలానా తారీఖున వెళ్లాలన్న లెక్క ఉంది. వంతు ప్రకారం చెత్తబుట్ట బయట పెట్టే బాధ్యత ఉంది. కోపం తెచ్చుకునే హక్కు మాత్రం ఇంకా రాలేదు. బిడ్డకూ బంధువుకూ మధ్యనున్న ఈ స్థానానికి మన నిఘంటువులో పేరు లేదు. డిసెంబరు నెలలో మంచు కురిసి, తెల్లవారకముందే చీకటి పడినట్లు అనిపించే రోజులలో, ఆ పేరులేనితనం గుండెను పిండుతుంది. పెద్దన ప్రవరుని వేదన వీరికి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు దిక్కు మార్చి చూద్దాం. అమెరికా నుంచి ఒక యువతి చర్చి ద్వారా మన దేశంలోని ఒక మధ్యతరగతి కుటుంబానికి వచ్చిందనుకుందాం. ఇంటివారు ఉన్న ఒక్క మంచాన్ని ఆమెకు ఇచ్చి తాము చాప పరచుకొంటారు. గృహిణి నిలబడి వడ్డించి, అందరి తరువాత తింటుంది. కూర చాలకపోయినా, పచ్చడితో ముగించినా వచ్చిన పిల్లకు తెలియనివ్వదు. రెండు రోజులకొకసారి కుళాయి వచ్చే వీధిలో ఆ యువతి రోజూ రెండు బకెట్లతో తలస్నానం చేస్తుంది. బిందెలు మోసినవారు ఒక్క మాట అనరు. పగలంతా ఆమె బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, పేదలకు సేవ చేశానన్న తృప్తితో ఇల్లు చేరుతుంది. ఆ తృప్తికి నీళ్లు మోసినది ఎవరో ఆమె ఎరుగదు. ఆమెను తప్పుపట్టడం న్యాయం కాదు, చెప్పేవారు లేరు గనుక. కొన్ని నెలల తరువాత ఇంటి చిన్నపిల్ల నోరు జారి చెబుతుంది. చిన్నపిల్లలు లేని ఇంట భాషా రాదు, నిజమూ బయటపడదు.

ఈ చిక్కును అందరికంటె కఠినంగా ఎత్తిచూపినవాడు ఈవాన్ ఇలిచ్. వియన్నాలో 1926లో పుట్టి కేథలిక్ గురువైన ఇలిచ్, మెక్సికోలోని క్యూర్నవాకా నగరంలో అధ్యయనకేంద్రం నడిపాడు. ప్రతి వేసవికి అమెరికా నుంచి కేథలిక్ విద్యార్థులు మెక్సికో పల్లెలలో సేవ చేయడానికి వచ్చేవారు. 1968 ఏప్రిల్‌లో వారి సమావేశానికి పిలిచి మాట్లాడమంటే, ఆయన వారి ముఖం మీదనే, మీరు సేవ చేయడానికి రావద్దని చెప్పాడు. భాష రానివారు, ఊరి జీవితం తెలియనివారు తమ సంపన్నతను తమకు తెలియకుండానే ప్రదర్శించి వెళతారే గాని మేలు చేయలేరని ఆయన వాదన. చూడటానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోవడానికి రండి. ఉద్ధరించడానికి మాత్రం రాకండి అన్నది ఆ ఉపన్యాస సారం. పిలిచినవారికే ఇంత చేదు మాట చెప్పడానికి ధైర్యం కావాలి, దానిని విని కూర్చోవడానికి అంతకంటె ఎక్కువ ధైర్యం కావాలి.

ఇలిచ్ మాటలో సత్యం ఉంది. విమానపు ఛార్జీకి అయ్యే సొమ్ముతో ఆ ఊరి నిరుద్యోగి ఎన్ని నెలలు అదే పని చేయగలడో లెక్కవేస్తే, పరదేశపు సేవకుడు తలవంచుకోవలసిందే. గోడ కట్టడం రాని కళాశాల విద్యార్థులు వెళ్లి గోడ కడుతుంటే, స్థానికుడైన తాపీమేస్త్రీ పక్కన నిలబడి చూడటం సేవ అనిపించుకోదు. కాని ఆతిథేయ కుటుంబం విషయంలో ఆయన వాదన సంపూర్ణం కాదని చెప్పవలసి ఉంది. విడిదిలో దిగి, తన తిండి తాను తెచ్చుకొని, వారం రోజులు పనిచేసి పోయేవాడు ఇచ్చేవాడుగానే వచ్చి ఇచ్చేవాడుగానే వెళతాడు. ఒక ఇంట ఏడాది అన్నం తిన్నవానికి ఆ భాగ్యం ఉండదు. జ్వరం వస్తే వానికి గంజి కాచి ఇవ్వాలి, దారి తప్పితే వెదకి తేవాలి. డాన్ వెస్ట్ ఆవు విషయంలో షరతుగా పెట్టిన దానిని, ఇక్కడ ఇంటిగోడలు తమంతట తామే నెరవేరుస్తాయి. అందుకే అనుభవం గల సంస్థలు యువకులకు పెద్ద జీతం ఇవ్వవు. చిల్లర ఖర్చులకు మాత్రం ఇచ్చి, తక్కినదంతా ఇంటి మీద ఆధారపడేటట్లు చేస్తాయి. మెనోనైట్ పథకపు తొలినాళ్లలో ఆరు నెలలకొకసారి ఇల్లు మార్చే పద్ధతి కూడా ఉండేది. ఒక ఇంటి అలవాట్లనే ఆ దేశపు అలవాట్లుగా భ్రమపడకుండా ఉండటానికి అది తోడ్పడింది. అయితే అప్పుడే కుదుటపడిన మనసును మళ్లీ పెకలించి నాటడం ఎంత బాధాకరమో నాటిన మొక్కకే తెలియాలి.

కాన్సాస్ యువకునికి వచ్చిన మరునాడే ఇంటి తాళంచెవి ఇచ్చారు. పాలమూరులో అతని ఇంటికి తాళం అవసరం అంతగా కలగలేదు. ఎవరో ఒకరు ఇంట ఉండనే ఉంటారు. ఖాళీ ఇంట్లోకి తానే తలుపు తీసుకొని వెళ్లడం మొదట్లో అతనికి అనాథత్వంగా తోచింది. పన్నెండు నెలల తరువాత, సామాను సర్దుకొని, ఆ చెవిని గృహిణి చేతిలో పెట్టబోయాడు. ఆమె వద్దన్నది. ఏడాది కాపురంలో ఆమె భాష అతనికి వచ్చింది గనుక, ఆ వద్దును వద్దుగానే గ్రహించి, చెవిని మళ్లీ జేబులో వేసుకొన్నాడు.

ఆలోచించి రాయండి

1. తెలుగు ఇంట "వద్దు" అనే మాటకూ, కాన్సాస్ గృహిణి వినిన "వద్దు" అనే మాటకూ గల భేదాన్ని మీ మాటల్లో వివరించండి.
2. ఏడాదిపాటు పరాయి ఇంట ఉండేవానికి అతిథి అనే పదం ఎందుకు సరిపడదు? తగిన పదాన్ని మీరు కల్పించగలరా?
3. ఈవాన్ ఇలిచ్ వాదనతో మీరు ఏకీభవిస్తారా? వ్యాసంలోని సమాధానం మీకు సంతృప్తి కలిగించిందా? కారణాలు రాయండి.
4. మీ ఇంటికి ఒక విదేశీ విద్యార్థి వచ్చి ఆరు నెలలు ఉంటే, వారికి తెలియకుండా మీ కుటుంబం పడే శ్రమ ఏమై ఉంటుందో ఒక పేరాలో రాయండి.