తోడునీడ

మూత్రపిండాలు విఫలమైనవారికి డయాలిసిస్ ప్రాణాధారం. 1976లో అమెరికాలో పోపోవిచ్, మాంక్రీఫ్ ప్రతిపాదించిన విధానం దానిని ఇంటివద్ద చేసుకోవడాన్ని సులభతరం చేసింది.

పొట్టలో అమర్చిన మెత్తని గొట్టం ద్వారా సుమారు 2 లీటర్ల ద్రవాన్ని లోనికి పంపుతారు. ఉదరంలోని పలుచని పొర గుండా రక్తంలోని మలినాలు అందులో చేరుతాయి. కొన్ని గంటల తరువాత ఆ ద్రవాన్ని వెలికితీసి, కొత్తది నింపాలి. సాధారణంగా రోజుకు 4 మార్లు ఈ విధంగా చేయాలి.

శిక్షణ పొందిన భార్య గాని, భర్త గాని ఇందులో తోడ్పడవచ్చు. చేతులు శుభ్రపరచుకోకున్నా, గొట్టం కొనను తాకినా రోగక్రిములు ఉదరంలో ప్రవేశించవచ్చు. వెలువడిన ద్రవం కలకబారి కనిపిస్తే తక్షణమే వైద్యుని సంప్రదించాలి. ఇక్కడ అనురాగం ఒక్కటే చాలదు, నియమపాలన కావాలి. రోగి చేసుకోగలిగిన పనిని రోగికే విడిచి, చేయలేని దానికి చేయూతనివ్వడమే దాంపత్య ధర్మం.

ప్రశ్న: ఇంటివద్ద డయాలిసిస్ నిర్వహణలో జీవిత భాగస్వామి పాత్రను వివరించండి.