ప్రాచీన పటములలో మోటుపల్లి : నామవిచారము

బాపట్ల జిల్లా చినగంజాము మండలమున సముద్రతీరమందున్న మోటుపల్లి నేడొక చిన్న గ్రామము. వీరభద్రస్వామి ఆలయమును, అచ్చటి శాసనములును లేకున్నచో ఇది యొకప్పుడు ద్వీపాంతర వర్తకులు దిగు రేవుపట్టణమని యెవ్వరును ఊహింపజాలరు. ఐరోపీయుల ప్రాచీన పటమున దీని పేరు కానవచ్చుట చరిత్రకారులకు ప్రీతికరమైన విషయమే. అయితే పటమున నున్నది ఈ గ్రామమా, గ్రామనామము మాత్రమా యనునది విచార్యము.

క్రీ.శ. 1375 నాటి కాటలాన్ పటము పారిస్ జాతీయ గ్రంథాలయమున నున్నది. మజోర్కా ద్వీపవాసి అబ్రహాం క్రెస్క్ దీని కర్తయని ప్రసిద్ధి. ఇందు హిందూదేశ తీరమున ‘బుతిఫిలిస్’ అను పట్టణము చూపబడినది. తూర్పుదేశముల విషయమున పటకర్తకు మార్కోపోలో వృత్తాంతము ముఖ్యాధారము. అందలి ‘ముత్ఫిలి’యే మోటుపల్లి యని హెన్రీ యూల్ నిర్ణయించెను.

ఈ రూపభేదము శబ్దవేత్తలకు దుర్బోధము కాదు. మకార బకారములు రెండును ఓష్ఠ్యములు. వ్రాయసకాండ్ర చేతిలో నొకటి మరియొకటి యగుట వింత గాదు. అరబ్బీ లిపిలో పకారము లేదు; ఆ భాషవారు దానికి మారుగా ఫకారమునో బకారమునో వాడుదురు. కావున ‘పల్లి’ ‘ఫిలి’ యగుట పారసీక, అరబ్బు నావికుల నోట జరిగి యుండుననుట యుక్తము.

అర్థమున మాత్రము చిక్కు కలదు. పోలో ముత్ఫిలి యన్నది రాజ్యమును. ఆతడు వర్ణించిన వజ్రములు మోటుపల్లి యిసుకలో పుట్టినవి గావు. ఆతడు కొనియాడిన రాణి రుద్రమదేవి. ఆమెను పూర్వరాజు భార్యగా చెప్పుట పొరపాటు, ఆమె గణపతిదేవుని కుమార్తె. రేవు పేరు లక్షణచే రాజ్యమునకు సంక్రమించినది. ఇక పటకర్త అచ్చట స్తెఫాను అను క్రైస్తవరాజు పాలించునని వ్రాసెను! 1375లో ఆ తీరమును ఏలినవాడు రెడ్డిరాజు అనవేముడు. కావున రాజ్యవిషయమున ఈ పటము ప్రమాణము కాదు. నామవిషయముననే దానికి విలువ.

ప్రమాణము శాసనము. శకము 1166 (క్రీ.శ. 1244-45) నాటి గణపతిదేవుని అభయశాసనము ఈ యూరిని దేశియుయ్యకొండపట్టణ మనియు పేర్కొనును. పూర్వరాజులు తుపానుకు పగిలిన ఓడల సరకంతయు బలిమిని లాగికొనుచుండిరనియు, ప్రాణములకు తెగించి సముద్రయానము చేయువారిపై దయతో తాను క్లృప్తశుల్కము దప్ప సర్వమును విడిచితి ననియు రాజు ప్రకటించెను. శుల్కము ముప్పదింట నొకవంతు. శకము 1280 (క్రీ.శ. 1358) నాటి అన్నపోతరెడ్డి శాసనమున ముకుళపుర మను పేరు కలదు. తమిళమున ‘మొట్టు’ అనగా మొగ్గ. ‘ముకుళ’ శబ్దము దాని కనువాదమై యుండవచ్చును. రాజులిచ్చిన బిరుదనామము గాని, పండితులు కూర్చిన సంస్కృతనామము గాని కాటలాన్ పటమున కెక్కలేదు. ఓడవారి నోటిలోని దేశినామమే యెక్కినది.

పదునేడవ శతాబ్దపు ఐరోపీయ లేఖనములలోని ‘పెటపొలి’ని గూర్చి యొక హెచ్చరిక యవసరము. ధ్వనిసామ్యమును బట్టి దానిని మోటుపల్లి యనుకొనుట పొరపాటు. డచ్చివారు 1606లోను, ఆంగ్లేయులు 1611లోను వర్తకస్థానము నెలకొల్పిన ఆ పెటపొలి, తీరము వెంట ఈశాన్యమున నున్న పెద్దపల్లి, అనగా నేటి నిజాంపట్టణము.