గాలిలో పోయే బొగ్గు పొడిని ఎట్లా కొలుస్తారు?



మన పాల్వంచ కె.టి.పి.ఎస్.లో బొగ్గును గడ్డలుగా మండించరు. మిల్లులో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరుతారు. నూటికి సుమారు 70 పాళ్ళు 0.075 మిల్లీమీటరు కంటే సన్నగా ఉండాలి. ఆ పొడిని వేడిగాలి గొట్టాల్లో మోసుకుపోయి బాయిలర్లో పోస్తుంది. 2018 డిసెంబరులో మొదలైన 800 మెగావాట్ల యూనిట్ కూడా ఇట్లాగే నడుస్తుంది.

ఒక్కో మిల్లుకు చాలా గొట్టాలుంటాయి. అన్నిట్లోకీ పొడి సమానంగా పోవాలి. ఒకదాంట్లో ఎక్కువైతే అక్కడ గాలి చాలక బొగ్గు సగమే కాలి బూడిదలో కలుస్తుంది. అట్లాంటి బూడిద సిమెంటుకు కూడా పనికిరాదు. గాలి వేగం బాగా తగ్గితే ఇంకా ప్రమాదం. పొడి గొట్టం అడుగున పేరుకుని అంటుకోవచ్చు. అందుకని గాలిని సెకనుకు 20 మీటర్లు, ఆపైనే పంపుతారు. అంటే గంటకు 72 కిలోమీటర్లు. మన భద్రాచలం బస్సు కూడా అంత పోదు!

నీళ్ళ మీటరులో లాగా చక్రం పెడితే పొడి రాపిడికి అరిగిపోతుంది. అందుకే ఒక సన్న గొట్టం లోపలికి దూర్చి, మూతిని గాలికి ఎదురుగా పెట్టి, కొంతసేపు పీల్చి, వచ్చిన పొడిని తూకం వేస్తారు. కానీ ఎంత గట్టిగా పీల్చాలి? అసలు చిక్కు ఇదే.

వడ్లు తూర్పారపట్టేటప్పుడు చూశారు కదా. పొట్టు గాలితో పోతుంది, గింజ తన దారిన తాను పడుతుంది. బొగ్గు రేణువు కూడా గింజలాంటిదే, గాలి తిరిగినంత తొందరగా తిరగదు. మెల్లగా పీలిస్తే గాలి మూతిని తప్పించుకుని పక్క నుంచి పోతుంది, రేణువులేమో నేరుగా లోపల పడతాయి. కిలో గాలికి ఇంత పొడి అనే లెక్క ఎక్కువ వస్తుంది. గట్టిగా పీలిస్తే పక్క గాలి వచ్చి చేరుతుంది, దానిలోని రేణువులు రావు. లెక్క తక్కువ వస్తుంది. కాబట్టి లోపల గాలి ఎంత వేగంగా పోతుందో అంతే వేగంతో పీల్చాలి. ఆ వేగం తెలుసుకోవడానికి పిటో గొట్టం వాడతారు. ఫ్రాన్సులో హెన్రీ పిటో 1732లో సెన్ నది నీటి వేగం కొలవడానికి చేసినదే అది.

గొట్టం వంపు దాటాక పొడి తాడులాగా ఒక పక్కకు చేరుతుంది. అందుకే ఒక్క చోట కాదు, చాలా చోట్ల పీల్చి చూడాలి.

పీల్చకుండా కొలిచే పద్ధతి కూడా ఉంది, నాకు అదే బాగా నచ్చింది. తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్టే, రాపిడికి రేణువుల మీద విద్యుత్తు పుడుతుంది. గొట్టం మీద రెండు చోట్ల దాన్ని పసిగట్టే సాధనాలు పెడతారు. మొదటి చోట కనిపించిన హెచ్చుతగ్గులే కాసేపటికి రెండో చోట కనిపిస్తాయి. కిన్నెరసానిలో ఆకు ఒక బండ నుంచి ఇంకో బండ దాకా పోయే సమయం చూసినట్టే.

లెక్క: రెండు సాధనాల మధ్య దూరం అర మీటరు, పట్టిన సమయం 0.02 సెకను. పొడి వేగమెంత? జవాబు కాగితం మీద రాసి నాకివ్వండి. 8వ తరగతి వాళ్ళు కూడా చేయొచ్చు.